నమిలే చప్పుడు

ఐదున్నరయింది. చిప్సు పొట్లం బల్ల మీద ఉంది, ఆమె బల్ల ముందు ఉంది, ఇద్దరి మధ్యా ఒక తెల్లకాగితం ఉంది. ఆసుపత్రి రెండో అంతస్తులో కూర్చునే తిండి డాక్టరమ్మ స్కేలు పెట్టి మరీ దాని మీద మూడు గళ్ళు గీసి ఇచ్చింది. ఒంట్లో ఎలా ఉంది, మనసులో ఏముంది, పక్కన ఎవరున్నారు. తినాలనిపించిన క్షణం నుంచి ఒక గంట ఆగాలట. "తినొద్దని నేననను మేడం. గంట తర్వాత కూడా కావాలనిపిస్తే సుబ్బరంగా తినండి. కానీ ఆ గంటలో పని కల్పించుకుని లేవకూడదు, టీవీ పెట్టకూడదు. ఊరికే కూర్చుని ఏమొస్తుందో చూడండి," అంది ఆ పిల్ల. డాక్టరమ్మే గానీ పిల్లే, ఇరవై ఎనిమిదికి మించి ఉండవు. ఇంత చదువూ చదివి ఊరికే కూర్చోమని చెప్పడానికేనా అని అక్కడే అడిగేసింది ఆమె. ఆ పిల్ల నవ్వింది. ఒక మాత్ర రాసిస్తుందేమోనని ఆశపడి వెళ్ళింది ఆమె. మాత్ర అయితే మింగి నీళ్ళు తాగితే సరిపోతుంది, గంటసేపు తన మొహం తను చూసుకోనక్కర్లేదు.

పొట్లం మూతి ఇంకా చింపలేదు. చింపకపోయినా ఉప్పు వాసన వస్తున్నట్టే ఉంది, అది ముక్కుకి తెలుస్తోందో బుద్ధికి తెలుస్తోందో చెప్పడం కష్టం. ఆర్నెల్లలో తొమ్మిది కిలోలు. పాదాలు సాయంత్రానికి చెప్పుల్లో పట్టడం లేదు, రక్తపోటు మిషను చూసి నర్సు కళ్ళెగరేసింది. తిండి డాక్టరమ్మ తిండి గురించి అడుగుతుందనుకుంటే, నిద్రెలా పడుతుంది, నీళ్ళెన్ని తాగుతారు, రోజంతా ఒకే కుర్చీలో కూర్చుంటారా, ఎండ మొహం చూస్తారా అని ఒక్కొక్కటే అడుగుతూ వచ్చి, చివరికి ఇంట్లో ఎవరెవరుంటారని అడిగింది. నేనే, అంది ఆమె. ఎప్పటినుంచి? ఆర్నెల్లయింది, అక్కా నేనూ ఉండేవాళ్ళం, అక్క తమ్ముడింటికి వెళ్ళిపోయింది. బరువు పెరగడం మొదలైందెప్పుడు? ఆ ప్రశ్నకి ఆమె గోడ మీద పళ్ళూ కూరగాయల బొమ్మ వంక చూస్తూ కూర్చుంది. ఆ పిల్ల రెట్టించలేదు. గళ్ళు గీసి కాగితం చేతిలో పెట్టింది, అంతే. అలా రెట్టించకుండా వదిలేయడం ఎక్కడ నేర్పుతారో, తన రోజుల్లో మాత్రం ఎవరూ నేర్పలేదు.

ఐదూ ముప్పై ఎనిమిది. ఒంట్లో ఎలా ఉంది? ఆకలిగా ఉందని రాయబోయి ఆగింది. ఆకలి కాదు. మధ్యాహ్నం ఒంటిగంటకి డబ్బాలో పట్టుకెళ్ళిన అన్నమూ కూరా మెతుకు మిగల్చకుండా తింది, నాలుగింటికి మజ్జిగ తాగింది, కడుపు దాని మానాన అది ఉంది. మరెక్కడుంది ఈ పీకులాట? కళ్ళు మూసుకుని వెతికితే దవడలో దొరికింది. దవడ మడత దగ్గర, చెవి తమ్మె కింద, ఏదో బిగించి పెట్టినట్టు. దవడ అని రాసింది. రాసి, తన దస్తూరీ చూసుకుని నవ్వుకుంది. ఈ సంగతి పైకి తెలిస్తే ఆ పిల్ల తనని పళ్ళ డాక్టరు దగ్గరికి పంపేస్తుంది. తీపి కావాలనిపించదు, మెత్తనివి కావాలనిపించదు, తను పనిచేసేదీ ఆ ఆసుపత్రిలోనే, పక్క గదివాళ్ళు పుట్టినరోజు కేకు ముక్క తెచ్చి పెడితే ముట్టకుండా ఆయమ్మకి ఇచ్చేస్తుంది. కరకరలాడాలి. నోట్లో పగలాలి. పొట్లం అడుగుకి వచ్చి ముక్కలు మెత్తబడితే వాటి మీద మోజు పోతుంది, కొత్త పొట్లం కావాలి. ఇదెక్కడి జిహ్వ అని తన్ను తను ఎన్నిసార్లు తిట్టుకుందో. నోరు కట్టుకోవడం చేతకాని మనిషినని కూడా అనుకుంది, తిట్టుకున్న కొద్దీ చెయ్యి పొట్లంలోకి పోయేది.

ఆ డాక్టరమ్మ కూర్చునే చోటికి కింద అంతస్తులోనే, చెవి పరీక్ష గదిలో ఆమెకి ఇరవై ఆరేళ్ళ ఉద్యోగం. గది లోపల ఇంకో గది, గోడలకి మందంగా మెత్తలు, తలుపు మూస్తే ఊరంతా ఎటో పోయినట్టుంటుంది. లోపల రోగిని కూర్చోబెట్టి చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టి చేతికి బటన్ ఇచ్చి, చప్పుడు వినపడగానే నొక్కండి అని చెప్పి, తను అద్దం ఇవతల కూర్చుని ఒక్కో చప్పుడూ పంపిస్తుంది. బీప్ మేడం అని పిలుస్తారు ఆసుపత్రిలో, మొహం మీద కాదనుకోండి. వినపడనివాళ్ళు నొక్కకపోవడం మామూలే. వింతేమిటంటే, చప్పుడు పంపకుండానే నొక్కేవాళ్ళుంటారు. అబద్ధమాడాలని కాదు పాపం, నిశ్శబ్దం మరీ ఎక్కువసేపయితే వాళ్ళకి భయమేస్తుంది, ఏదో తప్పిపోయిందేమోనని నొక్కేస్తారు. అలాంటివాళ్ళని కనిపెట్టడానికే మధ్యమధ్యలో కావాలని ఏమీ పంపకుండా ఊరుకోవడం అలవాటు చేసుకుంది. ఎక్కువగా ఒంటరిగా ఉండేవాళ్ళే నొక్కుతారని ఆమె లెక్క. పుస్తకంలో లేదు ఆ లెక్క, ఇరవై ఆరేళ్ళు అద్దంలోంచి చూసి నేర్చుకున్నది. ఈ పొట్లం ముందు తను చేస్తున్నదీ అదేనేమో, ఆకలి ఎవరూ పంపకుండానే బటన్ నొక్కేస్తోందేమో. ఆ మాట మనసులో ఏముంది అన్న గడిలో రాయాలనిపించింది గానీ రాయలేదు, గడి చిన్నది.

ఐదూ నలభై అయిదు. ఈ వేళకి టీ అయిపోయేది. ఈ వేళకి అక్క గ్లాసులు కడిగి బోర్లించేసి ఉండేది. పందొమ్మిదేళ్ళు ఇదే బల్లకి అటు అక్క, ఇటు తను. అక్క గ్రంథాలయంలో చినిగిన పుస్తకాలు కుట్టి అట్టలు వేసే పని చేసి మూడేళ్ళ కిందట రిటైరయింది. రిటైరయ్యాక సాయంత్రం టీ పెట్టే పని తనకి తానే రాయించుకుంది. ఆమె తలుపు తీసేసరికి బల్ల మీద రెండు గ్లాసులు, ఒక పళ్ళెంలో రస్కులు. వచ్చీ రాగానే ఆమె మొదలుపెట్టేది, ఎవరు వచ్చారు, ఎవరు పోయారు, పెద్ద డాక్టరు ఎవరి మీద ఎగిరాడు, రోజంతా గాజు పెట్టెలో నోరు మూసుకుని కూర్చున్నదంతా ఇక్కడ కక్కేసేది. అక్క వినేది. వింటోందనే అనుకునేది ఆమె. చిన్నప్పటినుంచీ అక్క టీలో రస్కు ముంచి, అది నానిపోయి తుంపు జారి గ్లాసులో పడేదాకా చూసి, చెంచాతో తీసుకుని తినే రకం. ఇంట్లో అందరూ దాని మీదే వేళాకోళం చేసేవారు. అలాంటి మనిషి ఈ మధ్య ముంచడం మానేసింది. ఉత్తి రస్కు, ఎండు రొట్టె ముక్కలు, వేయించిన వేరుశెనగలు. కరకర, కరకర. ఆమె ఏదో అడుగుతుంది, కరకర. మళ్ళీ అడుగుతుంది, అక్క నమలడం ఆపి "ఆఁ?" అంటుంది. చెప్పినది మళ్ళీ చెబితే చిన్న గొంతుతో, గాలికి కొట్టుకుపోయేంత మెల్లగా, ఏదో ఒక ముక్క అంటుంది. అలిగిందనుకుంది ఆమె. రిటైరయ్యాక మనుషులు ముడుచుకుపోతారని ఎవరో చెప్పగా విని అదే అనుకుంది. ఒక నెలా రెండు నెలలా, రెండేళ్ళు అలాగే అనుకుంటూ కూర్చుంది.

ఆ రోజు ఏమైందని? ఏమీ కాలేదు. పరీక్షకి వచ్చిన ముసలాయన ఒకడు తన మీద అరిచాడు, బస్సులో నిలబడి వచ్చింది, కాళ్ళు పీకుతున్నాయి. వచ్చి కూర్చుని, అక్కా నాకు ఒంట్లో బాగోలేదు అంది. కరకర. అక్కా నీకే చెప్తున్నా. కరకర. మూడోసారి బల్ల మీద చరిచింది. అక్క తలెత్తింది. నోరు కదలడం ఆగింది. సరిగ్గా అప్పుడు ఆమె, ఎదురుబొదురుగా, పెదాలు స్పష్టంగా కదిలేలా, "ఆ నమలడం ఆపు ముందు! గొడ్డు నెమరేసినట్టు ఆ చప్పుడేంటి? ఆ చప్పుడు విని విని నాకు పిచ్చెక్కుతోంది," అంది. ఆ ఒక్క మాటా అందింది అక్కకి. అందిందని ఎలా తెలుసంటే, చేతిలో ఉన్న సగం రస్కు అక్క పళ్ళెంలో పెట్టేసింది, చప్పుడు కాకుండా పెట్టింది. పెట్టి, పళ్ళెం తీసుకెళ్ళి లోపల సర్దింది. వారం తిరక్కుండా పెట్టె సర్దుకుని తమ్ముడింటికి బస్సెక్కింది. నాలుగు రోజులుండి వస్తుందిలే అనుకుంది ఆమె. ఒక పక్క హాయిగా కూడా ఉంది, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది గానీ ఉంది మరి, రెండు సాయంత్రాలు ఇల్లంతా ప్రశాంతంగా ఉంది. మూడో సాయంత్రం మొదటి చిప్సు పొట్లం కొంది.

ఆరయింది. వీధిలో ఎవరో బండి స్టార్ట్ చేయలేక తంటాలు పడుతున్నారు. పై వాటాలో కుర్చీ జరిగింది, మళ్ళీ జరిగింది. ఆ మనుషుల మొహాలు ఎలా ఉంటాయో ఆమెకి సరిగ్గా తెలియదు, కుర్చీ చప్పుడు మాత్రం బాగా తెలుసు. రెండు నెలల తర్వాత తమ్ముడు ఫోన్ చేశాడు. "చిన్నక్కా, పెద్దక్కకి అసలు వినపడట్లేదు. వెనకనుంచి పిలిస్తే పలకదు. నీకు తెలీదా? నువ్వు చేసేది అదే పని కదా!" వాడి గొంతులో ఎత్తిపొడుపు లేదు, నిజంగానే ఆశ్చర్యపోయి అడిగాడు, అందుకే ఆ మాట ఇంకా లోతుగా దిగింది. రోజుకి ఇరవై మంది చెవులు చూసే మనిషి. ఎదురుగా కూర్చుని టీ తాగే మనిషి చెవి చూడలేదు. అక్కడే ఎవరికైనా చూపించమంది ఆమె. చూపిద్దామంటే రానంటోంది, చిన్నది వచ్చి చూస్తే చూపించుకుంటా లేకపోతే లేదంటోంది అన్నాడు తమ్ముడు. ఆమె వస్తానంది. వెళ్ళలేదు. ఏ మొహం పెట్టుకుని వెళ్ళడం? వెళ్ళి మాత్రం చేసేదేముంది? అరవై దాటినవాళ్ళకి పోయేది నరమే, తను చూసే వందలో తొంభై మందికి అంతే, నరం చచ్చాక వెనక్కి రాదు. వెళ్ళి ఆ కబురు తన నోటితో అక్కకి చెప్పాలా? ఇవాళ రేపు అనుకుంటూ నాలుగు నెలలు జరిపేసింది. ఫోన్ చేస్తే అక్క తీసుకోదు, తీసుకున్నా వినపడదు, అదొక సాకు. పక్కన ఎవరున్నారు అన్న గడిలో ఎవరూ లేరు అని రాసింది. రాసి కొట్టేసింది. కొట్టేసి మళ్ళీ అదే రాసింది.

ఆరూ ఎనిమిది. ఇక ఉండబట్టలేదు. గంట కావడానికి ఇంకా ఇరవై రెండు నిమిషాలుందని తెలుసు, డాక్టరమ్మ ఎదురుగా లేదనీ తెలుసు. ఒక్కటే, ఒట్టు, ఒక్కటి తిని మిగతా మూసి పెట్టేస్తానని తనకి తనే మాటిచ్చుకుని పొట్లం చింపింది. అన్నిటిలోకీ పెద్దది వెతికి తీసి నోట్లో పెట్టుకుంది. సరిగ్గా అదే క్షణంలో కిటికీ కింద రోడ్డు తవ్వే మిషను మొదలైంది. ఇందాకటిదాకా ఆగి ఉన్నది ఈ వేళకే మొదలవ్వాలా! గోడలు అదిరాయి, గ్లాసు బల్ల మీద జరిగింది. చేత్తో పట్టిన కాగితం వదిలేసి రెండు అరచేతులూ చెవులకి గట్టిగా అదుముకుంది, అదుముకుని నోట్లో ఉన్నదాన్ని కొరికింది.

మిషను దూరమైపోయింది, ఎక్కడో ఊరి చివర తవ్వుతున్నట్టు. కానీ నోట్లో చప్పుడు! తల నిండిపోయింది. ఒక్కో ముక్కా పగలడం, ఆ పగిలినది మళ్ళీ పగలడం, దవడ తిరగడం, అన్నీ పుర్రె లోపల ఎవరో కూర్చుని చెబుతున్నట్టు. చేతులు తీసింది. మిషను మోత మీద పడింది, నమిలే చప్పుడు మాయమైంది. మళ్ళీ మూసింది. మళ్ళీ వచ్చింది. ఇది తనకి కొత్త కాదు. పరీక్షకి ముందు ప్రతి రోగికీ రోజుకి ఇరవైసార్లు చెబుతుంది, నోట్లో ఏదైనా ఉంటే ఉమ్మేసి రండి, నమిలితే మీ చప్పుడే మీకు వినపడుతుంది అని. చెవి మూసుకుపోయినవాడికి గాలిలో వచ్చే చప్పుడు అందకపోయినా నోట్లో చప్పుడు పుర్రె ఎముక అందిస్తుంది, అది మొదటి ఏడాది పాఠం. అక్క నానబెట్టిన రస్కు మానేసి ఉత్తి రస్కు ఎందుకు నమిలిందో ఆమెకి ఇప్పుడు తెలిసింది. ఈ ఇంట్లో అక్కకి వినపడే చప్పుడు అదొక్కటే. గ్రంథాలయంలో ఎవరూ గట్టిగా మాట్లాడరు గనక అక్కడ ఎవరికీ తెలియలేదు, ఇంట్లో మాట్లాడే మనిషి తనొక్కతే, ఆ ఒక్కదానికీ తెలియలేదు, అక్క మాత్రం తన చెవి మూసుకుపోతున్నంత కాలం ఏదో ఒకటి పగలగొట్టుకుంటూ తను ఇంకా వింటున్నానని రోజూ సరిచూసుకుంది. ఆ ఒక్క చప్పుడునే తను ఆపమంది. ఆమె ఏడ్చింది. చేతులు చెవుల మీద ఉండగానే ఏడ్చింది గనక తన ఏడుపు తనకి చాలా పెద్దగా వినపడింది. ఆర్నెల్లుగా ఈ బల్ల దగ్గర కూర్చుని తను నమిలింది కూడా అదే, ఉప్పూ కాదు, బంగాళాదుంపా కాదు, అక్క చేసే చప్పుడు ఇంట్లో లేకపోతే తనే చేసి పెట్టుకుంది.

మిషను ఆగింది. చేతులు దించింది. అప్పుడు, ఏడుపు మధ్యలోనే, ఇరవై ఆరేళ్ళ పని మెల్లగా లేచి కూర్చుంది. నరం పోయినవాళ్ళు అరుస్తారు. తమ గొంతు తమకి వినపడదు గనక అరిచి మాట్లాడతారు. అక్క ఎప్పుడైనా అరిచిందా? రోజురోజుకీ గొంతు తగ్గించింది. లోపల నరం బాగుండి మధ్యలో చిన్న ఎముక బిగుసుకుపోయినవాళ్ళు మెల్లగా మాట్లాడతారు, వాళ్ళ గొంతు వాళ్ళకి హోరున వినపడుతుంది. నములుతున్నప్పుడు ఎదుటివాళ్ళ మాట అస్సలు అందదు. కొత్తగా చేరిన ట్రైనింగు పిల్లలకి ఈ మాట తనే చెప్పింది, బల్ల గుద్ది మరీ చెప్పింది. బిగుసుకున్న ఎముకకి ఆపరేషనుంది, ఆపరేషను వద్దంటే చెవి మిషనుంది, వాళ్ళకి అది పెడితే మొదటి రోజే నవ్వుతూ వెళ్ళిపోతారు. అలిగిందనుకుని ఊరుకున్న ఆ చిన్న గొంతే అన్నీ చెప్పింది, తను పెడచెవిన పెట్టింది. కచ్చితంగా అదేనా? పరీక్ష చేయకుండా కచ్చితం అనకూడదు. కానీ నాలుగు నెలలు తను మోసిన కబురు తప్పయి ఉండొచ్చు. పొట్లం తెరిచే ఉంది, చాలాసేపటినుంచీ చెయ్యి అటు పోలేదని ఆమె గమనించలేదు. ఆరూ ఇరవై రెండుకి తమ్ముడింటికి ఫోన్ చేసింది. గంట పూర్తి కాలేదు, లేవకూడదు, కుర్చీలో కూర్చునే చేసింది.

మరదలు తీసింది. "వదినా! ఇన్నాళ్ళకి గుర్తొచ్చామా?" అని నిష్ఠూరంగానే మొదలుపెట్టింది గానీ ఆమె గొంతు విని మాట మార్చింది. "ఏమైంది, ఒంట్లో బాగుందా?"

"నాకేం, బాగానే ఉంది. అక్క సాయంత్రం పూట ఏం తింటోంది?"

"ఇదేం ప్రశ్న వదినా? ఏమీ తినరు. వచ్చిన కొత్తలో రస్కులు తెప్పించాను, ముట్టుకోలేదు. వేరుశెనగలిస్తే పిల్లలకి పెట్టేశారు. అన్నం కూడా మెత్తగా పిసికి మింగేస్తారు. ఎవరైనా ఎదురుగా ఉంటే అసలు నమలరు. పళ్ళు నొప్పేమో అనుకున్నా. కాదంటారు."

ఆమె ఫోన్ పట్టుకున్న చెయ్యి మార్చింది. "అక్క ఎక్కడుంది ఇప్పుడు?"

"ఇక్కడే, కిటికీ దగ్గర. ఫోన్ ఇస్తే తీసుకోరు వదినా, మీకు తెలుసుగా."

"తీసుకోనక్కర్లేదు. నే చెప్పినట్టు చెయ్యి. సౌండు మొత్తం పెంచు. చెవి దగ్గర పెట్టకు. చెవి వెనకాల గట్టిగా ఎముక తగులుతుంది చూడు, ఫోన్ దాని మీద నొక్కి పట్టుకో. వదలకు."

అటువైపు అడుగులు, గాజుల చప్పుడు, ఏదో రుద్దుకున్నట్టు గరగర. దూరంగా, ఆర్నెల్లుగా వినని చిన్న గొంతు "ఏంటమ్మా ఇది, జుట్టంతా రేపుతున్నావు" అంటోంది. ఆమె కుర్చీ అంచుకి జరిగింది. ఊపిరి నిండా పీల్చుకుని, పై వాటావాళ్ళు ఏమనుకున్నా సరేనని, "అక్కా!" అని అరిచింది.

ఏమీ లేదు. మళ్ళీ అరిచింది. గరగర ఆగిపోయింది.

"అంత అరుస్తావేంటే," అంది అక్క. "వినపడుతోందిగా."

చెప్పాల్సినవి చాలా ఉన్నాయి, ఎముక సంగతి, ఆపరేషను సంగతి, రేపు పొద్దున్నే మొదటి బస్సుకి వస్తున్న సంగతి. వాటన్నిటికంటే ముందు చెప్పాల్సింది ఒకటుంది. ఒక్కో మాటా విడివిడిగా, గట్టిగా పలికింది. "అక్కా, ఆ రోజు టీ దగ్గర నిన్నో మాటన్నాను. నమలడం ఆపమన్నాను. గొడ్డు నెమరేసినట్టుందన్నాను."

మరదలి గాజులు ఒకసారి మోగాయి. తర్వాత ఆ మెల్లని గొంతే, ఎప్పటిలాగే, ఏమంత పెద్ద విషయం కాదన్నట్టు, "అదా," అంది. "అది నాకు వినపడలేదులే."